శంకునత్త

హిందూ మహాసముద్రమునందును, పసిఫిక్ మహాసముద్రమునందును, పగడపు దిబ్బల నడుమ ఒక నత్త నివసించును. దాని గుల్ల శంకువు ఆకారమున నుండి అరచేతిలో ఇముడును. గుల్లపై నున్న గోధుమరంగు మచ్చలు దేశపటమును తలపించును. అందుచే లిన్నేయస్ 1758లో దానికి కోనస్ జియోగ్రాఫస్ అని పేరిడెను. శంకునత్తలలో 700కు మించిన జాతులు కలవు. వానిలో మనుష్యులకు మిక్కిలి ప్రాణాపాయకరమైనది ఇదియే.

నత్త నడక ఎట్టిదో అందరు నెఱిగినదే. చేపయో, రెప్పపాటులో తప్పించుకొనును. అట్టి చేప ఈ నత్తకు ఎట్లు ఆహారమగుచున్నది? నత్త పగలు దాగియుండి, రాత్రివేళ వెలికి వచ్చును. వాసనను బట్టి చేపల జాడ తెలిసికొని, తన నోటిని విసురువలవలె వెడల్పుగా విప్పును. చేపలు బెదరక, మత్తిల్లినట్లు అందు చిక్కును. చేపల ఇన్సులిన్‌ను పోలిన పదార్థము ఈ నత్త విషములో కలదని 2015లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. దానిని నీటిలో కలిపి చూడగా చేపల ఈత మందగించెను. మధుమేహరోగిని కాపాడు వస్తువే ఇచట వేటసాధనము!

చిక్కిన చేపను నత్త పిమ్మట పొడుచును. దాని దంతము బోలుగా నుండి, కొనయందు ముల్లు గల చిన్న బల్లెమువంటిది. ఒకమారు వాడిన దంతము మరల పనికిరాదు. అమ్ములపొదిలోని బాణములవలె మరికొన్ని సిద్ధముగా నుండును.

1935లో ఆస్ట్రేలియాలోని హేమన్ ద్వీపమున ఒక యువకుడు ఈ గుల్లను చేతబట్టి, చాకుతో పైపొరను గీకుచుండగా నత్త పొడిచెను. నొప్పి అంతగా లేదు. కాని పెదవులు మొద్దుబారినవి, చూపు మసకబారినది, కాళ్లు చచ్చుపడినవి. కొన్ని గంటలలో అతడు మరణించెను. ఈ విషమునకు విరుగుడు నేటికిని లేదు. అయితే ఊపిరి తీయించు కండరములు చచ్చుపడుటయే మరణకారణము. విషము తగ్గువఱకు కృత్రిమశ్వాస కల్పించినచో రోగి బ్రతుకవచ్చును. ప్రాణమున్న గుల్లను ఏ వైపున పట్టుకొన్నను అపాయమే.

ఫిలిప్పీన్స్ దేశీయుడైన బాల్డొమేరో ఒలివెరా ఈ విషమును భాగములుగా విడదీసి పరిశోధించెను. ఆయన ప్రయోగశాలలో ముఖ్యమైన పనులు కొన్ని కళాశాల విద్యార్థుల చేతనే జరిగెను. కోనస్ మేగస్ అను మరియొక శంకునత్త విషములోని పదార్థమును అనుసరించి తయారైన జికోనోటైడ్ అను మందు 2004లో అమెరికాలో అనుమతి పొందినది. ఇతర మందులకు లొంగని తీవ్రబాధను ఇది తగ్గించును. మార్ఫిన్‌వలె వ్యసనమై పట్టుకొనదు. కాని దీనిని వెన్నెముకలోని ద్రవములోనికి ఎక్కింపవలసియుండుటచే వాడుక మితముగానే యున్నది.

నత్త ఇన్సులిన్ మన ఇన్సులిన్‌వలె ముద్దకట్టదు. కావున వేగముగా పనిచేయును. దానిని మాదిరిగా గైకొని, మధుమేహరోగులకు శీఘ్రముగా పనిచేయు మందును రూపొందించుటకు పరిశోధనలు జరుగుచున్నవి.