వకీలు - కక్షిదారు: గోప్యతకు గల ఎల్లలు

ఉర్దూలో న్యాయవాదిని వకీలు అందురు; తన వ్యవహారమును అతనికి అప్పగించినవానిని మువక్కిల్ అందురు. రెండును ఒకే అరబ్బీ ధాతువునుండి పుట్టిన మాటలు. నమ్మి అప్పగించుట వాని భావము. ఆ నమ్మకమునకు చట్టము కల్పించిన రక్షణయే వృత్తిగోప్యత.

1872 నాటి భారత సాక్ష్య చట్టము తన 126వ సెక్షనులో ఈ రక్షణను ఏర్పరచినది. 2024 జూలై 1 నుండి దాని స్థానమున భారతీయ సాక్ష్య అధినియమము అమలులోనికి వచ్చినది. అందు 132వ సెక్షను ఈ విషయమును చెప్పుచున్నది. కక్షిదారు వృత్తి సందర్భమున తెలిపిన మాటను గాని, తానిచ్చిన సలహాను గాని, అతని స్పష్టమైన సమ్మతి లేనిదే వకీలు వెల్లడింపరాదు. వ్యాజ్యము ముగిసినను ఈ బాధ్యత ముగియదు. ప్లీడరు గుమాస్తాకును, దుబాసీకిని ఇది వర్తించును. హక్కు కక్షిదారునిది, వకీలు దానికి కావలివాడు మాత్రమే.

మరి ఎల్ల ఎక్కడ? మన ప్రాంతమునుండియే ఒక ఉదాహరణము ఊహింతము. 1959 నాటి భూబదలాయింపు నిబంధనకు 1970లో వచ్చిన సవరణ ననుసరించి, భద్రాచలము ఏజెన్సీలో గిరిజనేతరునికి భూమిని బదలాయించుట చెల్లదు. ఒకడు వకీలుతో "దొంగ దస్తావేజు సృష్టించితిని, కేసు పడినది, నా పక్షమున వాదింపుడు" అన్నచో ఆ మాట గోప్యము. నేరము గడచినది, ముద్దాయికి తన వాదము వినిపించుకొను హక్కు కలదు. "ఈ దొంగ దస్తావేజుతో కోయ రైతు భూమి నాకు దక్కునట్లు దావా వేయుడు" అన్నచో గోప్యత లేదు. అది సలహా కోరుట కాదు, అక్రమమునకు వకీలును పనిముట్టుగా చేసికొనుట. అట్లే, పని చేపట్టిన పిదప జరిగిన నేరమును గాని మోసమును గాని వకీలు కనిపెట్టినచో దానికిని రక్షణ లేదు. దస్తావేజును వకీలు బీరువాలో దాచినంతమాత్రమున అది న్యాయస్థానమునకు అందరానిది కాదు.

2025 అక్టోబరు 31న సుప్రీంకోర్టు, కేసు వివరములకై వకీళ్లను దర్యాప్తు అధికారులు పిలిపింపరాదనియు, చట్టములోని మినహాయింపులు వర్తించునపుడు మాత్రమే, ఎస్.పి. స్థాయికి తగ్గని పై అధికారి వ్రాతపూర్వక సమ్మతితో పిలువవలెననియు తీర్పు చెప్పినది.

కోర్టు మెట్లెక్కు పేదవానికి ఈ నియమము అత్యంతావశ్యకము. నిజము చెప్పిన తనకే కీడగునని భయపడువాడు సగము దాచును. సగము తెలిసిన వకీలు సగమే వాదించును. కావున విద్యార్థులు తమ ఊరివారికి ఈ రెండు మాటలు తెలుపవలెను: జరిగినది వకీలుకు దాచకుడు; జరుపదలచిన తప్పునకు అతనిని తోడు పిలువకుడు.