టీడీఎస్ మీటర్ రీడింగ్‌లు: సగటు ఒకటే, నీళ్లు ఒకటేనా?

ఫోన్ కొనేముందు స్కోర్ చూసినట్టే, ఇప్పుడు నీళ్లకి టీడీఎస్ అంకె చూస్తున్నాం. జేబులో పట్టే పెన్ మీటర్ ముంచితే సెకన్లలో రీడింగ్ వస్తుంది. కడప జిల్లా వేముల మండలం తుమ్మలపల్లె లాంటి చోట ఆ అంకెకి ఇంకా విలువ ఎక్కువ. అక్కడ యురేనియం గని ఉంది, బోరు నీళ్ల మీద చుట్టుపక్కల ఊళ్లవాళ్లకి ఆందోళనా ఉంది. అందుకే రీడింగ్‌లని ఎలా పోల్చాలో చూద్దాం.

లెక్క కోసం నేను వేసుకున్న అంకెలివి, పీపీఎంలో, రెండు బోర్లకి ఐదేసి రోజులు:

మొదటి బోరు: 580, 590, 600, 610, 620
రెండో బోరు: 420, 430, 450, 460, 1240

రెండిటి సగటూ 600. అక్కడే ఆగితే రెండూ ఒకటే అనుకుంటాం. ఇప్పుడు మధ్యగతం, అంటే వరసలో నడిమి అంకె చూడండి: మొదటిది 600, రెండోది 450. తాగునీటికి భారతీయ ప్రమాణం ఆమోదించే హద్దు 500 (వేరే నీళ్లు లేకపోతే 2000 దాకా). రెండో బోరు నాలుగు రోజులు హద్దులోనే ఉంది, ఒక్క 1240 సగటుని పైకి లాగింది.

ఇక వ్యాప్తి, అంటే పెద్ద అంకెలోంచి చిన్నది తీసేస్తే: 40, 820. సగటు నుంచి ఒక్కో రీడింగ్ ఎంత దూరముందో తీసి సగటు వేస్తే 12, 256. మొదటి బోరు నిలకడగా ఉంది, రెండోదాన్ని నమ్మలేం.

మరి ఆ 1240ని కొట్టేయొచ్చా? తొందరపడొద్దు. మీటర్‌ని క్యాలిబ్రేట్ చేసి, బోరు కాసేపు ఆడించి మళ్లీ కొలవండి. నిజమే అని తేలితే ఉంచాల్సిందే. ఆ రోజు ఆ నీళ్లు తాగినవాళ్లకి మధ్యగతంతో పనేముంది?

అసలు సంగతి ఇంకోటి. ఈ మీటర్ కొలిచేది నీళ్ల విద్యుత్ వాహకతని. దాన్నిబట్టి లవణాలని అంచనా కడుతుంది. యురేనియానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శక విలువ లీటరుకి 30 మైక్రోగ్రాములు, అంటే 0.03 పీపీఎం. పెన్ మీటర్ మామూలుగా 1 పీపీఎం కంటే చిన్న తేడా చూపదు. కాబట్టి టీడీఎస్ 450 వచ్చిందని యురేనియం లేదనుకోవద్దు, 1240 వచ్చిందని ఉందనీ అనుకోవద్దు. దానికి ల్యాబ్ పరీక్షే దారి.

ఆ రిపోర్టులు చేతికొచ్చాక కూడా ఊరి సగటు ఒక్కటే చూడకండి. మధ్యగతం, వ్యాప్తి, అన్నిటికన్నా పెద్ద అంకె, మూడూ అడగండి.