పనికి ముందా, పని తరువాతా? భారీ సాగునీటి ప్రాజెక్టులలో పర్యావరణ అనుమతి, వాతావరణ లెక్కలు: కాళేశ్వరం అనుభవం

భారీ ప్రాజెక్టులకు వర్తించే పర్యావరణ న్యాయమంతా ‘ముందస్తు’ అనే ఒక్క మాటపై ఆధారపడి ఉన్నది. 1986 నాటి పర్యావరణ పరిరక్షణ చట్టం క్రింద 2006 సెప్టెంబరు 14న కేంద్ర ప్రభుత్వం వెలువరించిన పర్యావరణ ప్రభావ అంచనా ప్రకటన ప్రకారం, నిర్మాణపు పనులు మొదలు కాకముందే అనుమతి పొందవలెను. అధ్యయన పరిధిని నిర్ణయించడం, ప్రభావాలను అంచనా వేయడం, ప్రజాభిప్రాయాన్ని సేకరించడం, నిపుణుల సంఘం పరిశీలించడం అనే దశలన్నీ నిర్ణయం ఇంకా మారగల స్థితిలో ఉన్నపుడే అర్థవంతమవుతాయి. కాలువ తవ్విన తరువాత దాని దారి మార్చడం ఎవరి తరమూ కాదు. త్వరితగతిన ప్రాజెక్టులు పూర్తి చేయాలన్న విధానం బలపడిన గత దశాబ్దంలో ఈ వరుసక్రమమే అన్నిటికంటే ఎక్కువగా దెబ్బతిన్నది. వ్యవసాయ విస్తరణ రంగానికి ఈ విషయం ఎందుకు ముఖ్యమో కాళేశ్వరం ఎత్తిపోతల పథకం చరిత్ర తెలియజేస్తుంది.

తాగునీటి పథకమా, సాగునీటి పథకమా?

ప్రాణహిత-చేవెళ్ల పేరుతో 2008 ప్రాంతంలో మొదలైన పథకాన్ని తెలంగాణ ఏర్పడిన తరువాత మార్చి, మేడిగడ్డ వద్ద గోదావరి నుండి నీటిని ఎత్తిపోసే విధంగా రూపొందించారు. 2016 మే నెలలో శంకుస్థాపన జరిగినది. ప్రజాభిప్రాయ సేకరణ 2017లో జరిగి, పర్యావరణ అనుమతి ఆ సంవత్సరం డిసెంబరులో లభించినది. 2019 జూన్ 21న పథకం ప్రారంభమైనది. అంటే అనుమతి చేతికి వచ్చేనాటికి పనులు మొదలై చాలా కాలం గడచినది.

ఈ వ్యవహారం జాతీయ హరిత ట్రిబ్యునల్ ముందుకు వచ్చినపుడు, అప్పటి వరకు జరిగిన పనులు తాగునీటికి, నీటి నిర్వహణకు సంబంధించినవే తప్ప సాగునీటికి కావని రాష్ట్రం వాదించినది. ఈ వాదనకు కారణం ప్రకటన అనుబంధంలో ఉన్నది. అందులో సాగునీటి పథకాలకు ఆయకట్టు విస్తీర్ణాన్ని బట్టి అనుమతి తప్పనిసరి. తాగునీటి సరఫరా ఆ పట్టికలో లేదు. అయితే పథకపు సొంత లెక్కల ప్రకారమే మొత్తం 240 టి.ఎం.సి.లలో 169 టి.ఎం.సి.లు, అనగా దాదాపు 70 శాతం, సాగుకు కేటాయించినవి. కొత్త ఆయకట్టు లక్ష్యం 18.25 లక్షల ఎకరాలు. 2020 అక్టోబరు 20న ట్రిబ్యునల్ ఆ వాదనను అంగీకరించక, పని జరిగిన తరువాత అనుమతి ఇవ్వడం చట్టవిరుద్ధమని తేల్చినది. కానీ అప్పటికే పథకం పూర్తయినందున గడియారాన్ని వెనుకకు తిప్పే వీలు లేకపోయినది. జరిగిన నష్టాన్ని అంచనా వేసి పరిహార చర్యలు సూచించేందుకు నిపుణుల సంఘాన్ని ఏర్పరచడంతో సరిపెట్టవలసి వచ్చినది. ఉల్లంఘన రుజువైనా, దాని ఫలితం మాత్రం యథాతథంగా నిలిచినది.

కట్టినది కూల్చగలమా?

ఇది ఒక్క ట్రిబ్యునల్ ఇబ్బంది కాదు. 2017లో కామన్ కాజ్ కేసులోను, 2020లో అలెంబిక్ ఫార్మాస్యూటికల్స్ కేసులోను, తరువాత ఇచ్చే అనుమతి పర్యావరణ న్యాయానికి పొసగదని సుప్రీంకోర్టు పేర్కొన్నది. 2025 మే 16న వనశక్తి కేసులో ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం అటువంటి అనుమతులకు దారి తెరచిన 2017 నాటి ప్రకటనను, 2021 నాటి కార్యాలయ ఉత్తర్వును కొట్టివేసినది. ఆరు నెలలు తిరిగాక, నవంబరు 18న, ముగ్గురు న్యాయమూర్తులలో ఇద్దరి మెజారిటీతో ఆ తీర్పునే వెనుకకు తీసుకున్నారు. ప్రజాధనంతో నిర్మించిన వేల కోట్ల రూపాయల ప్రాజెక్టులను కూల్చవలసి వస్తుందన్నది ఆ నిర్ణయానికి ప్రధాన కారణాలలో ఒకటి. ఉల్లంఘన ఎంత పెద్దదైతే రక్షణ అంత గట్టిదవుతుందన్నమాట.

పరిపాలన వైపు నుండి కూడా ఒత్తిడి వేగంవైపే ఉన్నది. రాష్ట్ర స్థాయి పర్యావరణ ప్రభావ అంచనా సంస్థలకు అనుమతుల వేగాన్ని బట్టి మార్కులు వేసే విధానాన్ని 2022 జనవరిలో కేంద్ర మంత్రిత్వ శాఖ ప్రకటించినది. దాని ప్రకారం సగటున 80 రోజులలోపు అనుమతి ఇస్తే రెండు మార్కులు. వేగం దానంతట అది దోషం కాదు. 2006 ప్రకటనలోనే పరిశీలనకు, నిర్ణయానికి కలిపి 105 రోజుల గడువు ఉన్నది. కానీ నేల, భూగర్భజలం రోజుల లెక్కన నివేదిక ఇవ్వవు. వానాకాలానికి ముందు, తరువాత నీటిమట్టం చూడనిదే ఒక ఆయకట్టు పరిస్థితి తెలియదు. ఆ పని అనుమతి దరఖాస్తుకు ముందే జరిగి ఉండవలెను.

లెక్కలోకి రాని విద్యుత్తు

వాతావరణ విధానం సంగతి మరింత విచిత్రమైనది. 2024 మార్చి 21న ఎం.కె. రంజిత్‌సిన్హ్ కేసులో సుప్రీంకోర్టు, వాతావరణ మార్పు దుష్ప్రభావాల నుండి విముక్తి రాజ్యాంగంలోని 14, 21 అధికరణాల క్రింద హక్కు అని గుర్తించినది. 2070 నాటికి నికర శూన్య ఉద్గారాలు దేశ లక్ష్యం. అయినా సాగునీటి ప్రాజెక్టు వలన ఎంత ఉద్గారం కలుగుతుందో చెప్పవలెనన్న స్పష్టమైన నిబంధన అనుమతి ప్రక్రియలో లేదు. ఒక బాలిక దాఖలు చేసిన వాతావరణ పిటిషన్‌ను 2019 జనవరిలో హరిత ట్రిబ్యునల్ కొట్టివేస్తూ, అనుమతులు ఇచ్చేటపుడు పారిస్ ఒప్పందాన్ని పరిగణించడం లేదని భావించనవసరం లేదని అభిప్రాయపడినది. పరిగణించారో లేదో తెలుసుకోవడానికి నివేదికలో ఒక అంకె ఉండాలి కదా.

ఆ అంకెను విద్యార్థులు స్వయంగా వేసుకోవచ్చును. ఒక టి.ఎం.సి. అంటే సుమారు 2.83 కోట్ల ఘనపు మీటర్ల నీరు. దీనిని 100 మీటర్లు ఎత్తడానికి సిద్ధాంతరీత్యా 77 లక్షల యూనిట్లు, పంపులు, మోటార్ల సామర్థ్యం 80 శాతం అనుకుంటే సుమారు 96 లక్షల యూనిట్ల విద్యుత్తు కావలెను. మన గ్రిడ్‌లో ఒక యూనిట్‌కు దాదాపు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. మేడిగడ్డ వద్ద సుమారు 100 మీటర్ల మట్టంలో ఉన్న నీరు కొండపోచమ్మ సాగర్ చేరేసరికి 600 మీటర్లు దాటుతుంది. కనీసం 500 మీటర్ల ఎత్తిపోతగా తీసుకున్నా టి.ఎం.సి.కి 4.8 కోట్ల యూనిట్లు, 33 వేల టన్నులకు పైగా ఉద్గారం అవుతుంది. టి.ఎం.సి.తో 10 వేల ఎకరాల ఆరుతడి పంట పండుతుందనుకుంటే ఎకరాకు 4,800 యూనిట్లు. అదే వరి వేస్తే 6 వేల ఎకరాలే తడుస్తాయి; ఎకరాకు 8,000 యూనిట్లు. మధ్య మానేరు వంటి దిగువ జలాశయాల ఆయకట్టుకు ఇది సగానికంటే తక్కువే. వరి మడి నుండి వెలువడే మీథేన్ దీనికి అదనం. ఏ పంటకు నీరిస్తారన్నది వ్యవసాయ శాఖ సలహాకు మాత్రమే సంబంధించినది కాదు, ప్రాజెక్టు పర్యావరణ ప్రభావంలో అదే పెద్ద భాగం.

వాతావరణం ప్రాజెక్టుపై చూపే ప్రభావం మరొక పార్శ్వం. 2022 జులై గోదావరి వరదలో కన్నెపల్లి, అన్నారం పంపుహౌస్‌లు నీట మునిగినవి. బ్యారేజీల వెనుకనీటి వలన చెన్నూరు, మంథని ప్రాంతాలలో పొలాలు మునిగినట్లు రైతులు పలుమార్లు ఫిర్యాదు చేశారు. 2023 అక్టోబరు 21న మేడిగడ్డ బ్యారేజీ పియర్లు కుంగినవి. దీనికి నిర్మాణపరమైన కారణాలు వేరు, వాటిని వాతావరణానికి అంటగట్టడం సరికాదు. కానీ తీవ్ర వర్షపాతం పెరుగుతున్న పరీవాహక ప్రాంతంలో ముంపు రేఖను పాత వరదల ఆధారంగా మాత్రమే గీస్తే నష్టపోయేది ఆ రేఖకు ఆవల, పరిహారం జాబితాలో లేని రైతు.

క్షేత్రస్థాయి సమాచారం ఎక్కడ ఉపయోగపడుతుంది?

ఆయకట్టు మండలాల భూసార పరీక్షల వివరాలు, బావుల నీటిమట్టాలు, పంటల సరళి, ఊట ఎక్కి చవుడు తేలిన విస్తీర్ణం వ్యవసాయ పరిశోధన స్థానాల వద్ద, కృషి విజ్ఞాన కేంద్రాల వద్ద ఉంటాయి. ప్రభావ అంచనా నివేదికలు తయారుచేసే సలహా సంస్థలు వీటిని అడిగే సందర్భాలు అరుదు; అడగకపోయినా ఇవ్వడానికి మార్గాలున్నాయి. ప్రజాభిప్రాయ సేకరణకు కనీసం 30 రోజుల ముందు ప్రకటన ఇవ్వవలెను, ముసాయిదా నివేదికను జిల్లా కార్యాలయాలలో అందుబాటులో ఉంచవలెను. సభలో మాట్లాడలేనివారు లిఖితపూర్వకంగా అభిప్రాయం పంపవచ్చును. నివేదికలోని పంటల సరళి, నీటి అవసరాల అంచనా వాస్తవానికి ఎంత దూరమో రైతుకు అర్థమయ్యే భాషలో చెప్పగలిగినవారు విస్తరణ శాస్త్రవేత్తలే. పోలవరం విషయంలో ఒడిశా, ఛత్తీస్‌గఢ్‌లలో ఈ సభలు జరగనందుననే 2011లో మంత్రిత్వ శాఖ పనుల నిలుపుదల ఉత్తర్వు ఇచ్చినది. ఆ ఉత్తర్వును మళ్లీ మళ్లీ పక్కన పెడుతూ పనులు సాగనిచ్చినది కూడా ఆ శాఖే.

అనుమతి వచ్చిన తరువాత షరతుల అమలుపై ఏటా జూన్ 1న, డిసెంబరు 1న ప్రాజెక్టు యాజమాన్యం నివేదిక సమర్పించవలెను. అది ప్రజా పత్రం. అనుమతిపై హరిత ట్రిబ్యునల్‌కు అప్పీలు చేయడానికి 30 రోజులు, తగిన కారణం చూపితే మరి 60 రోజులు గడువు. ఈ వ్యవధిలో కొత్తగా నేల నమూనాలు తీసి పరీక్షించడం సాధ్యం కాదు. తేదీ, సర్వే నంబరు, బావి లోతు నమోదైన పాత రికార్డు ఉంటేనే అది సాక్ష్యంగా నిలుస్తుంది. అందువలన ప్రతిపాదిత ఆయకట్టు, ముంపు మండలాలలో ఖరీఫ్‌కు ముందు, తరువాత తీసే కొలతలను ప్రాజెక్టు ప్రస్తావన వచ్చిన నాటి నుండే ప్రత్యేక దస్త్రంగా నిర్వహించవలసి ఉన్నది.