సింబాకు నిద్రమాత్ర వేసి తీసుకెళ్లొచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారూ! మా సింబా నాలుగేళ్ల లాబ్రడార్, 36 కిలోలు. మే నెలాఖరులో మా ఆడపడుచు కూతురి పెళ్లికి హైదరాబాద్ నుంచి విశాఖపట్నం కారులో వెళ్లాలి. వాణ్ని ఇక్కడ చూసుకునేవాళ్లు లేరు. కారెక్కించాలంటే ఇద్దరు లాగాలి. ఎక్కాక వణుకుతాడు, చొంగ కారుస్తాడు, వీధి దాటకముందే వాంతి చేసుకుంటాడు. తెలిసినవాళ్లు నిద్రమాత్ర వేసి పడుకోబెట్టేయమంటున్నారు. ఏ మాత్ర, ఎంత వేయాలి?
– ఎస్.పి., కూకట్‌పల్లి

జవాబు: మెడికల్ షాపులో అడిగి మాత్రం ఏదీ వేయొద్దమ్మా. మనుషుల మందులు కుక్క ఒంట్లో మనకు పనిచేసినట్టు పనిచేయవు. పారాసెటమాల్, ఐబుప్రొఫెన్ లాంటి మామూలు మాత్రలే దాని ప్రాణం మీదికి తెస్తాయి. ఇక కుక్కలకిచ్చే మత్తుమందుల్లో ఎసిప్రొమజైన్ అని ఒకటుంది. ప్రయాణం అనగానే చాలామంది దాన్నే అడుగుతారు. అది వేస్తే కుక్క కదలదు గానీ భయం పోదు. భయపడుతూనే కదల్లేక పడి ఉంటుంది. పైగా రక్తపోటు తగ్గుతుంది, ఒంటి వేడిని అదుపు చేసుకునే శక్తీ తగ్గుతుంది. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో లాబ్రడార్‌కు దాన్ని నేనైతే రాయను.

అసలు సింబా కారెక్కేది ఎప్పుడెప్పుడు? టీకాలకు, గోళ్లు తీయించడానికి, చెవిలో చీము పట్టినప్పుడు, అంతేనా? అయితే వాడి లెక్క సరైనదే. కారెక్కితే చివర్లో సూది. ఆ లెక్క మారడానికి మూడు నాలుగు వారాలు పడుతుంది. ఇవాళే మొదలుపెట్టండి.

మొదటి కొద్దిరోజులు కారు కదలకూడదు. ఇంజిన్ ఆపి, రెండువైపులా తలుపులు తీసి, వాడు రోజూ పడుకునే దుప్పటి వెనక సీటు మీద పరవండి. ఉప్పూకారం లేకుండా ఉడికించిన చికెన్ ముక్కలు ఒకటి కారు పక్కన, ఒకటి లోపల కాళ్లు పెట్టుకునే చోట, ఒకటి సీటు మీద పెట్టండి. లాగొద్దు, బతిమాలొద్దు. ముందుకాళ్లు రెండూ లోపల పెట్టి ముక్క లాక్కుని పారిపోయినా ఆ రోజుకు చాలు. తనంతట తాను ఎక్కి కూర్చుంటున్నాక తలుపు వేయండి. మర్నాడు ఇంజిన్ స్టార్ట్ చేసి ఆపేయండి. తర్వాత గేటు దాకా, వీధి చివరి దాకా, ఆపైన అరగంట. వెళ్లినచోట పార్కో చెరువుగట్టో వాడికి నచ్చేది ఉండాలి. మధ్యలో పదేపదే ఆవలిస్తున్నా, ఊరికే పెదాలు నాక్కుంటున్నా నిద్రో ఆకలో అనుకోకండి, అది బెదురు. ముందురోజు ఎక్కడ కుదురుగా ఉన్నాడో అక్కడికి వెనక్కి రండి.

ఈ రోజుల్లోనే ఇంకోటి కనిపెట్టండి. కారు ఆగి ఉండగానే చొంగ కారుతుంటే అది భయం. బయల్దేరాక మలుపులు, గతుకుల్లో మొదలైతే కదలిక పడటం లేదని. మీ డాక్టరుకు ఈ ఒక్క ముక్క చెబితే సగం పని అయిపోతుంది. కదలికతో వచ్చే వాంతికి మారోపిటెంట్ మంచి మందు. బయల్దేరడానికి కనీసం రెండు గంటల ముందు, ఒకట్రెండు బిస్కెట్లతో ఇస్తారు. మామూలు వాంతులకిచ్చే మోతాదు కన్నా ప్రయాణానికిచ్చేది చాలా ఎక్కువ. కాబట్టి పాత చీటీ చూసి వేయకండి. భయం మరీ ఎక్కువైతే గబాపెంటిన్, ట్రాజొడోన్ లాంటివి పరీక్ష చేసి రాస్తారు. ఏదైనా సరే, ముందుగా ఓ ఆదివారం ఇంట్లో వేసి చూడాల్సిందే. అది పడని సంగతి విజయవాడ దాటాక తెలిస్తే ఏం లాభం?

ఆ రోజు చీకటితో బయల్దేరండి. నాలుగింటికి హైదరాబాద్ వదిలితే ఎండ ముదిరేలోపు విజయవాడ చేరతారు. మొత్తం ఆరువందల కిలోమీటర్ల పైమాటే. ఒక్క బిగిన కొట్టేయకుండా రాజమండ్రిలో రాత్రికి ఆగితే మీకూ వాడికీ మంచిది. కుక్కను రానిచ్చే బస ఎక్కడుందో ముందే ఫోన్ చేసి కనుక్కోండి. ముందు రాత్రి తిండి కాస్త తగ్గించండి గానీ నీళ్లు ఆపకండి. ఆ బరువుకు రోజుకు రెండు లీటర్ల దాకా కావాలి, ఎండల్లో ఇంకా ఎక్కువ. రెండు మూడు గంటలకోసారి ఆగి కొద్దికొద్దిగా తాగించండి. తలుపు తీయకముందే లీష్ మీ చేతిలో ఉండాలి. దాబాల దగ్గర ఊరకుక్కలుంటాయి, బెదిరిన కుక్క హైవే మీదికే పరిగెడుతుంది. మెడపట్టీకి మీ ఫోన్ నంబరు రాసిన బిళ్ల తగిలించండి. దింపే ముందు మీ చెయ్యి తిరగేసి తారు మీద ఆనించండి. ఏడు సెకన్లు ఉంచలేకపోతే వాడి పాదాలు కాలతాయి.

ఇంట్లో పెరుగన్నం తినేవాడైతే దారిలోనూ అదే పెట్టండి. దాబా చికెన్ ఎముకలు వద్దే వద్దు, ఉడికిన ఎముక చీలికలై గుచ్చుకుంటుంది. పెళ్లివారింట్లో ఉల్లిపాయ పడ్డ కూరలు, చాక్లెట్లు పిల్లలు ప్రేమగా పెట్టేస్తుంటారు. అవి కుక్కకు విషం. రేబిస్ టీకా గడువు దాటిపోతే ఇప్పుడే వేయించండి. పిడుదుల మందు కూడా మర్చిపోవద్దు. మన ప్రాంతంలో పిడుదు జ్వరం మామూలు జ్వరం కాదు.

ప్రశ్న: మా జర్మన్ షెపర్డ్‌కు తొమ్మిదేళ్లు, నడుం దగ్గర కీళ్ల నొప్పి. పెద్ద కారే ఉంది. వెనక సామాన్ల చోట పడుకోబెట్టాలా, సీటు మీదా? ఎక్కించడమే పెద్ద యజ్ఞంగా ఉంది.
– ఎం.వి., కర్నూలు

జవాబు: ఎక్కడైనా సరే, కట్టి ఉండాలి. సడన్ బ్రేక్ పడితే ఆ బరువు ముందు సీట్లో వాళ్ల వీపు మీదికే వస్తుంది. మెడపట్టీకి బెల్టు తగిలిస్తే మెడకు దెబ్బ, ఛాతీ చుట్టూ వచ్చే హార్నెస్‌కు తగిలించండి. ముందు సీటు వద్దు, ఎయిర్‌బ్యాగ్ తెరుచుకుంటే ప్రమాదం. వెనక సామాన్ల చోటే అనుకుంటే లేచి నిలబడి తిరగగలిగేంత పంజరం పెట్టి, అది జరక్కుండా బిగించండి. బయల్దేరే ముందు మీరే అక్కడ పావుగంట కూర్చోండి. చాలా కార్లలో ఏసీ గాలి అక్కడిదాకా రాదు.

అడుగున జారని చాప తప్పనిసరి. జారే సీటు మీద గంటల తరబడి నిలదొక్కుకుంటే ఆ నడుం మర్నాడు లేవదు. ఎక్కడానికి గరుకు పలక ఏటవాలుగా వేసి ఇంట్లోనే అలవాటు చేయండి. ఎత్తక తప్పకపోతే ఇద్దరు పట్టండి, ఒకరి చేతులు ఛాతీ కింద, ఇంకొకరివి తొడల వెనక. చంకల్లో చేతులేసి లేపొద్దు.

లోతైన ఛాతీ ఉన్న పెద్ద జాతుల్లో, అందులోనూ వయసు మీరినవాటిలో, కడుపు గాలితో ఉబ్బి మెలిపడే జబ్బుంది. అందుకే కడుపునిండా ఒకేసారి పెట్టి, వెంటనే పరిగెత్తించొద్దు. పొట్ట డోలులా బిగిసి, వాంతికి ప్రయత్నిస్తున్నా ఏమీ రాక, నిలకడ లేకుండా తిరుగుతుంటే ఊరు చేరాక చూద్దామనుకోకండి. అది ఆపరేషన్ కేసు, గంటల్లో ప్రాణం పోతుంది. దారిలో పడే ఊళ్లలో పశువుల డాక్టర్ల ఫోన్ నంబర్లు ముందే రాసి పెట్టుకోండి.

ప్రశ్న: భోజనానికి ఆగినప్పుడు అద్దాలు కాస్త దించి, కుక్కను కారులో ఉంచి వెళ్లొచ్చా?
– ఆర్., నెల్లూరు

జవాబు: వద్దు. బయట 32 డిగ్రీలుంటే మూసిన కారులో పది నిమిషాలకే 43, అరగంటకు 51 దాటుతుంది. అద్దం రెండు వేళ్లు దించితే పెద్ద తేడా ఉండదు. ఏసీ వేసి వదిలితే ఇంజిన్ ఎప్పుడు ఆగుతుందో తెలియదు. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు, వగర్చడమే దిక్కు. ఒకరు తింటుంటే ఒకరు దాంతో నీడలో ఉండండి.

నాలుక వెడల్పై వేలాడుతూ, చిగుళ్లు ఇటుకలా ఎర్రబడి, చొంగ తీగలా సాగుతూ తూలుతుంటే వడదెబ్బే. మామూలుగా 101 నుంచి 102.5 ఫారెన్‌హీట్ ఉండాల్సిన ఒళ్లు 105 దాటి ఉంటుంది. మామూలు నీళ్లు పొట్ట, గజ్జలు, పాదాల మీద పోస్తూ గాలి తగలనివ్వండి. తడి తువ్వాలు కప్పి వదిలేస్తే వేడి లోపలే నిలిచిపోతుంది. మలద్వారంలో థర్మామీటర్ పెట్టి చూస్తూ, 103కి దిగగానే నీళ్లు ఆపి డాక్టరు దగ్గరికి వెళ్లండి. తేరుకున్నట్టు కనిపించినా వెళ్లాల్సిందే. కిడ్నీలు దెబ్బతిన్న సంగతి మర్నాటికి గానీ బయటపడదు.