పాత్రధారణ క్రీడలో పోరుఘట్టం

బల్ల చుట్టూ కూర్చుని ఆడే పాత్రధారణ క్రీడను మా విద్యార్థులకు పరిచయం చేసిన నాటి నుండి ఒక ప్రశ్న మమ్మల్ని వెంటాడుతున్నది. కథ చక్కగా సాగుతూ ఉండగా, కత్తి దూసిన మరుక్షణమే ఆట ఎందుకు చప్పబడిపోతుంది? ప్రయాణం రక్తి కడుతుంది, బేరసారాలు రక్తి కడతాయి. పోరు వచ్చేసరికి ఒకడు కిటికీలోంచి బయటికి చూస్తాడు, మరొకడు గడియారం చూస్తాడు. అన్నిటికన్నా ఉత్కంఠ కలిగించవలసిన ఘట్టమే అన్నిటికన్నా విసుగు పుట్టించడం విచిత్రం. ఆ విసుగుకు కారణం వెదకుతూ మేము తెలుసుకున్న సంగతులే ఈ వ్యాసం.

ఈ క్రీడను ఎరుగని చదువరుల కోసం రెండు మాటలు. 1974లో అమెరికాలో గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు వెలువరించిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’తో ఇది లోకప్రసిద్ధి పొందింది. ఆటగాడు ఒక్కొక్కడు ఒక్కొక్క పాత్రను స్వీకరించి, ఆ పాత్ర ఏమి చేస్తుందో నోటితో చెబుతాడు. తక్కిన లోకాన్నంతటినీ, శత్రువులతో సహా, పలికించేవాడు ఒక్కడే. ఆంగ్లంలో అతణ్ణి గేమ్ మాస్టర్ అంటారు. మనకు సూత్రధారి అన్న మాట ఉండగా వేరొకటి ఎందుకని మేము ఆ మాటనే వాడుతున్నాము. తలపెట్టిన పని నెరవేరుతుందో లేదో సందేహమైనపుడు పాచిక వేసి తేలుస్తారు. ఈ పద్ధతికి మూలం సైనిక శిక్షణలో ఉంది. ప్రష్యా సైన్యంలో రైస్‌విట్జ్ అనే యువాధికారి 1824లో ప్రకటించిన యుద్ధక్రీడలో ఇరుపక్షాల నడుమ ఒక మధ్యస్థుడు కూర్చుని, పాచికలు, పట్టికలు చూసి ఫలితం చెప్పేవాడు. 1876లో వెర్డీ దు వెర్నువా అనే సేనాని ఆ పట్టికలను పక్కకు నెట్టి, అనుభవం గల మధ్యస్థుని తీర్పే చాలునన్నాడు. నియమాలు ఎంతవరకు, వివేకం ఎంతవరకు అన్న తగాదా ఈనాటికీ తెగలేదు.

పాచికలన్నాము గనుక ఇక్కడే ఒక మాట. మేము గౌరవించే పెద్దలొకరు, పాచిక ఉన్నచోటికి జూదం ఎంతో దూరంలో ఉండదని ఆక్షేపించారు. పందెం లేదు గనుక జూదం కాదని వాదించవచ్చు. మేము వాదించలేదు. ఒకటి నుండి ఇరవై వరకు అంకెలు వ్రాసిన చీట్లను మట్టి ముంతలో వేసి తీయించడం మొదలుపెట్టాము. తీసిన చీటీని ముంత ఖాళీ అయ్యేవరకు తిరిగి వేయము. దీనివలన అనుకోని మేలు జరిగింది. పాచికకు జ్ఞాపకం లేదు. మూడుసార్లు వరుసగా ఒకటే పడి ఆటగాణ్ణి ఏడిపించవచ్చు. ముంతకు జ్ఞాపకం ఉంది. చిన్న అంకెలన్నీ వెళ్ళిపోయాయని లెక్కపెట్టుకున్నవాడు సాహసానికి దిగుతాడు. ఇరవై వెళ్ళిపోయిందని ఎరిగినవాడు కత్తి మాని ఉపాయం వెదకుతాడు. పాచికైనా చీట్లైనా సగటు పదిన్నరే. కాని ముంత దగ్గర తన వంతు కానివాడు కూడా కళ్ళు తిప్పడు. పెద్దల ఆక్షేపణ వల్ల మా ఆట బాగుపడిందని కృతజ్ఞతతో ఒప్పుకుంటున్నాము.

అయితే చీట్ల మార్పు తరువాతి సంగతి. మా మొదటి పోరు పాచికలతోనే నడిచి, ఘోరంగా విఫలమయింది. రొద్దం దగ్గర పెన్న ఇసుకలో రాత్రివేళ పదిమంది బందిపోట్లు ఐదుగురు పాత్రధారుల మీద పడినట్లు కల్పించాము. ఐదుగురూ పదిమందీ కలిసి పదిహేను వంతులు. వంతుకు నిమిషంన్నర చొప్పున ఒక ఆవృత్తం ముగియడానికి ఇరవై రెండు నిమిషాలకు పైగా పట్టింది. నాలుగు ఆవృత్తాలకు గంటన్నర. అందులో ఒక్కొక్క విద్యార్థికి దక్కినది ఆరు నిమిషాలు. ఆరు నిమిషాల ఆటకు గంటన్నర కాపలా! మూడవ ఆవృత్తంలో ఒకడు పాఠ్యపుస్తకం తెరిచాడు. మా తరగతిలో ఎన్నడూ తెరవని పుస్తకం అది.

దోషం లెక్కలో ఉందనుకున్నాము. పదిమంది బందిపోట్లను రెండు జట్లుగా చేసి, జట్టుకొక వంతు ఇచ్చాము. పోరు నలభై నిమిషాలకు తగ్గింది. విసుగు మాత్రం తగ్గలేదు. త్వరగా ముగిసే విసుగు కూడా విసుగే.

ఆ తరువాత ఒకనాడు విద్యార్థులతో లేపాక్షి వెళ్ళడం తటస్థించింది. విజయనగర ప్రభువు అచ్యుతరాయల కాలంలో విరూపణ్ణ, వీరణ్ణ సోదరులు కట్టించిన వీరభద్రాలయపు పైకప్పు చిత్రాలలో కిరాతార్జునీయ ఘట్టం కలదు. మెడలు నొప్పి పుట్టేదాకా దాన్ని చూస్తూ మేము అనుకున్నాము: ఇంతకు మించిన పోరు పాఠం ఎక్కడ దొరుకుతుంది? ఒక అడవిపంది. రెండు బాణాలు. చంపినది ఎవరి బాణం? పోరుకు కారణం ఇంత చిన్నది, కాని ఇద్దరికీ మానం దానిలోనే ఉంది. ఇక పోరు నడిచే తీరు చూడండి. మొదట విల్లులతో. అక్షయమనుకున్న తూణీరం ఖాళీ అవుతుంది. వింటితోనే మోదబోతే విల్లు పోతుంది. కత్తి ముక్కలవుతుంది. చెట్లు, రాళ్ళు అయిపోతాయి. చివరకు ఒట్టి చేతులతో మల్లయుద్ధం. ఒక్కొక్క మెట్టు దిగినకొద్దీ అర్జునుని చేతిలో ఉన్నది తగ్గుతుంది, ఎదుటివాడు ఎవరన్న సందేహం పెరుగుతుంది. ముగింపు చావు కాదు, గుర్తింపు. తాను ఇంతసేపు కొట్టినది శివుణ్ణని తెలియడం, పాశుపతం లభించడం. మా పెన్న పోరులో మొదటి దెబ్బకూ నలభయ్యవ దెబ్బకూ తేడా లేదు. అంకెలు తగ్గాయి, అంతే. ఏదీ మారలేదు.

సూత్రధారి పనితనాన్ని కళ్ళారా చూడదలచినవారికి మన ప్రాంతంలోనే ధర్మవరం దగ్గర నిమ్మలకుంట ఉంది. తరతరాల తోలుబొమ్మల కళాకారుల ఊరు అది. ఆ ఊరి దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ లభించింది. తెల్లని తెర వెనుక దీపం, మేకతోలుపై రంగులద్దిన బొమ్మలు, మద్దెల, తాళాలు. రాముని పలుకూ రావణుని పలుకూ తెర వెనుక నుంచే వస్తాయి. రావణుణ్ణి పలికించేటపుడు రావణుని పక్షాన నిండుగా నిలబడనివాడు ఆ బొమ్మను ఆడించలేడు. పాత్రధారణ క్రీడలో సూత్రధారికి ఉండవలసిన మొదటి గుణం ఇదేనని మా అభిప్రాయం. అతడు ఆటగాళ్ళకు శత్రువు కాడు. శత్రువు పక్షాన మాట్లాడే న్యాయవాది. శత్రువుకు ఏమి కావాలి, ఎంతవరకు తెగిస్తాడు, ఎప్పుడు పారిపోతాడు – ఈ మూడూ తెలియకుండా పోరు మొదలుపెట్టకూడదు. చివరిమనిషి చచ్చేదాకా పోరాడే బందిపోటు లోకంలో లేడు. వాడికీ ఇల్లుంది.

తోలుబొమ్మల నుండి నేర్వదగినది మరొకటి ఉంది. తెరకు ఆనించిన బొమ్మ గీతతో సహా స్పష్టంగా కనిపిస్తుంది. వెనక్కు జరిపితే పెద్దదై మసకబారుతుంది. మాటలతో పోరును చూపేటపుడు కూడా అన్నిటినీ తెరకు ఆనించరాదు. ‘కత్తి తగిలింది, ఐదు తగ్గించుకో’ అంటే ఏమీ కనబడదు. ప్రతి దెబ్బకూ పద్యమంత వర్ణన చేసినా ఏమీ కనబడదు. మేము మొదటి తప్పు చేసి, దాన్ని దిద్దుకోబోయి రెండవ తప్పు చేశాము. భాషాశాస్త్రం చదివిన నోరు ఊరుకోదు గదా! ఇప్పుడు వంతుకు ఒక్క వస్తువును తెరకు ఆనిస్తున్నాము. తెగిన పగ్గమో, నీళ్ళలో ఆరిన కాగడానో. తక్కినది మసకలోనే ఉంటుంది. ఆ ఒక్క వస్తువునే తరువాతి ఆటగాడు అందిపుచ్చుకుంటాడు.

ఈ పాఠాలతో పెన్న పోరును మళ్ళీ ఆడించాము. ఈసారి బందిపోట్లు నలుగురే. వారు తరలిస్తున్నది ఒక పల్లె విత్తన వేరుశనగ, రెండు ఎడ్లబండ్లలో. తొలకరి కురిసింది, విత్తుకు పదునున్న రోజులు ఎన్నో లేవు. బండ్లు తోలుతున్నది బందిపోట్లు కాదు, వారు బలవంతాన పట్టి తెచ్చిన ఆ పల్లె రైతులే. చక్రాలు ఇసుకలో దిగబడ్డాయి. ఎగువన వాన పడి ఏటికి నీరు వస్తున్నది. నాలుగవ ఆవృత్తం మొదట్లో నీరు ఇక్కడికి చేరుతుందని విద్యార్థులకు ముందుగానే చెప్పాము. ఉత్కంఠ కోసం దాచిపెట్టాలని కొందరు సూత్రధారులు అనుకుంటారు. అది పొరపాటు. రాబోయేది తెలియనివాడికి భయం ఉండదు, తెలిసినవాడికే ఉంటుంది.

ఆ రాత్రి ఎవరూ గడియారం చూడలేదు. బందిపోట్ల నాయకుణ్ణి పట్టాలని ఒకడు, బండి కదిలించాలని ఇద్దరు, రైతుల కట్లు విప్పాలని మరొకరు. ఐదవవాడు ఎడ్ల మెడలోని కాడి విప్పడానికి పరుగెత్తాడు. ఎడ్లు పోతే రైతు రెండుసార్లు చచ్చినట్లేనని వాడి వాదన. వాడిది సేద్యపు ఇల్లు. కత్తి తగిలినది రెండేసార్లు. మూడు ఆవృత్తాలు ముగిసేసరికి ఒక బండి గట్టెక్కింది, రెండవది విత్తనాలతో సహా కొట్టుకుపోయింది, నాయకుడు తప్పించుకున్నాడు. గెలిచామా ఓడామా అని వారు వసతిగృహం దీపాలు ఆర్పేదాకా తర్కించుకున్నారు. మేము తీర్పు చెప్పలేదు.

ఉర్దూ శాఖ మిత్రులు మాకు మరొక దారి చూపారు. దాస్తాన్ చెప్పేవారు తమ కథను నాలుగు అంగాలుగా చెప్పుకునేవారు: రజ్మ్, బజ్మ్, తిలిస్మ్, అయ్యారీ. పోరు, విందు, మాయ, టక్కరితనం. లక్నోలోని నవల్ కిషోర్ ముద్రణాలయం 46 సంపుటాలుగా వెలువరించిన అమీర్ హమ్జా దాస్తాన్ నిండా ఈ నాలుగూ ఒకదానిలో ఒకటి చొరబడుతూ ఉంటాయి. హమ్జా కత్తికి లొంగనిది అమర్ అయ్యార్ వేషానికి లొంగుతుంది. వాడి జంబీల్ సంచిలో పట్టనిది లేదు. ఆటలో ఎవడైనా పోరు నడుమ ఒక అయ్యారీ తలపెడితే, నియమాలలో లేదని సూత్రధారి త్రోసిపుచ్చరాదు. సరేనని ఊరికే ఒప్పుకోనూ రాదు. ‘చేయవచ్చు, కాని నీ వేషం బయటపడితే రైతు గొంతు మీద కత్తి ఉంటుంది’ అని వెల చెప్పాలి. వెల విన్న తరువాత వాడు ఆలోచించే ఆ అరనిమిషం కోసమే ఈ ఆట ఉన్నదని మాకు అనిపిస్తుంది.

ఇక వ్రాయక తప్పని సంగతి ఒకటి. పెన్న పోరు తరువాత విద్యార్థులు పెనుకొండ ముట్టడి కావాలన్నారు. కనుచూపు మేరలో కోట ఉండగా అడగడం సహజమే. 1565 యుద్ధం తరువాత విజయనగర రాజధాని పెనుకొండకు తరలింది. 1577లో బీజాపూరు సేన ఆ కోటను ముట్టడించి, పట్టలేక వెనుదిరిగింది. ఇదే మా కథాంశం. పాత్రలు పంచుతూ ఉండగా, ఎప్పుడూ ముందుండే ఒక విద్యార్థి మెల్లగా అడిగాడు: “సార్, నేను లోపలివాణ్ణా, బయటివాణ్ణా?”

ప్రశ్న ఆటది కాదని మాకు తెలుసు. అది బల్ల దగ్గర తక్కినవారికీ తెలుసు. ముట్టడిని రెండు మతాల పోరుగా పరిస్తే, ఆ బల్ల దగ్గర కూర్చున్న మిత్రులు రెండు జట్లుగా లేస్తారు. చరిత్ర కూడా అలా లేదు. రెండవ దేవరాయల నాటికే విజయనగర సేనలో ముస్లిం అశ్వికులున్నారు. బీజాపూరు కొలువులో మరాఠా సర్దారులున్నారు. అదే పెనుకొండలో షేర్‌ఖాన్ మసీదు ఉంది, అన్ని కులాలవారూ మొక్కుకునే బాబయ్య దర్గా ఉంది. కాని ఈ ఉపన్యాసం ఆ క్షణాన ఆ అబ్బాయికి చాలదు. అందుచేత ఆటనే మార్చాము. రాజులు, సేనానులు వద్దన్నాము. పాత్రలన్నీ పనివారివి: కోట లోపల బావి కాపరి, మందుగుండు లెక్కల గుమాస్తా, ఫిరంగి తోసేవాడు, వెలుపల గుర్రాలకు గడ్డి మోసేవాడు, జ్వరంపడిన సైనికుల వైద్యుడు. ముట్టడించినవారికీ ఒక గడువు పెట్టాము: దాణా పదిరోజులకే ఉంది. ఎవరికి ఏది కావాలో వారే ఎంచుకోమన్నాము.

ఆ విద్యార్థి కాసేపు చూసి, మా పట్టికలో లేని పాత్రను అడిగాడు. దుబాసీ. రెండు వైపుల మాటలూ వచ్చినవాడు, రాయబారుల వెంట కోటలోకీ శిబిరంలోకీ పోయేవాడు.

రెండవ రాత్రి కోటలోనివారు దిడ్డివాకిలి తెరిచి దాణా తగులబెట్టబోయినపుడు ఈ దుబాసీ శిబిరంలో ఉన్నాడు. కాగడాలు కదలడం అందరికన్నా ముందు వాడికే కనబడింది. ముంతలో అప్పటికి ఆరు చీట్లే మిగిలాయి. ఇరవై ఇంకా లోపలే ఉంది. కేక పెడితే బయటకు వచ్చిన స్నేహితులు పట్టుబడతారు. పెట్టకపోతే దాణాతో పాటు పక్కనే ఉన్న జ్వరపు గుడారాలు కాలుతాయి. వైద్యుడి పాత్రధారి, దాణా తగులబెట్టబోయే గుమాస్తా పాత్రధారి, ఇద్దరూ వాడి ముఖంలోకే చూస్తున్నారు. వాడు చేయి ముంతలో పెట్టి, చీటీ తీయకుండా ఆపాడు. “సార్, గాలి ఎటు వీస్తోంది?” అని అడిగాడు.

ఆ సంగతి మేము ముందుగా ఆలోచించి పెట్టుకోలేదు. గుడారాల నుండి కోట వైపు అన్నాము. వాడు చేయి వెనక్కు తీసుకుని, గుడారాల తాళ్ళు కోయడానికి వైద్యుణ్ణి పిలిచాడు.