అలర్జీ: మాస్ట్ కణం మూట విప్పితే...

రొయ్యల వేపుడు తిన్న పది నిమిషాలకే పెదవి ఉబ్బి, ఒళ్లంతా దద్దుర్లు లేచి, గొంతు పట్టేసినట్టయ్యే వాళ్లను మీరు చూసే ఉంటారు. కొత్త ప్రొటీన్ ఒకటి తయారుచేసి బయటికి పంపాలంటే కణానికి అంతకంటే ఎక్కువ సమయమే పడుతుంది. మరి ఇక్కడ ఇంత వేగం ఎలా? సరుకు ముందే తయారై, మాస్ట్ కణాల్లో మూటకట్టి ఉంది కాబట్టి. ఈ పాఠం నుంచి ఏ ప్రశ్న వచ్చినా జవాబు ఇక్కడి నుంచి మొదలుపెట్టండి.

మూటలో ఏముంది?

1878లో పాల్ ఎర్లిక్ తన డాక్టరేట్ సిద్ధాంత గ్రంథంలో ఈ కణాలను వర్ణించాడు. లోపల కిక్కిరిసిన కణికలను చూసి, బాగా మేసిన కణాలేమో అనుకుని జర్మన్‌లో ఆ అర్థం వచ్చే పేరు పెట్టాడు. ఊహ తప్పింది, పేరు నిలిచింది. వాటిలో హిస్టమిన్ ఉందని 1953లో రైలీ, వెస్ట్ చూపించారు.

చర్మం, శ్వాసనాళాలు, పేగులు... బయటి ప్రపంచం తగిలే ప్రతిచోటా రక్తనాళాల పక్కనే ఇవి కాపు కాస్తాయి. రక్తంలో తిరిగే బేసోఫిల్‌లు వీటికి వరసయ్యేవే గానీ, తెల్ల రక్తకణాల్లో వాటి వాటా 0.5 నుంచి 1 శాతమే.

కణికలో ధనావేశమున్న హిస్టమిన్‌ను ఋణావేశమున్న హెపారిన్ పట్టి ఉంచుతుంది. లోపల ఆమ్లత ఉన్నంతసేపూ ఆ పట్టు గట్టిగా ఉంటుంది. ట్రిప్టేజ్ వంటి ఎంజైమ్‌లూ అక్కడే ఉంటాయి.

మొదటిసారి ఏమీ కాదు

అలర్జీ కారకం తొలిసారి ఒంట్లోకి వచ్చినప్పుడు లక్షణాలేవీ కనిపించవు. సహాయక టీ కణాలు విడుదల చేసే ఇంటర్‌ల్యూకిన్-4, 13ల ప్రేరణతో బీ కణాలు ఐజీఈ ప్రతిదేహాలను తయారు చేస్తాయి. అవి వెళ్లి మాస్ట్ కణం పైనున్న గ్రాహకాలకు అతుక్కుంటాయి. రక్తంలో ఐజీఈ సగం తగ్గడానికి సుమారు రెండు రోజులు చాలు. కణానికి అతుక్కున్నది మాత్రం వారాల తరబడి ఉంటుంది.

ఒంటిని ఇలా సిద్ధం చేసేది రక్తద్రవంలోనే ఉందని రుజువు చేసిన ప్రయోగం కాస్త సాహసమే. 1921లో, చేప పడని క్యూస్ట్‌నర్ అనే పరిశోధకుడి రక్తద్రవాన్ని సహ పరిశోధకుడు ప్రౌస్నిట్జ్ తన చర్మంలోకి ఎక్కించుకున్నాడు. మర్నాడు అదే చోట చేప సారం ఎక్కించుకుంటే అక్కడ దద్దురు లేచింది. ఆ రక్తద్రవంలో ఉన్నదేమిటో 1960ల చివర్లో గానీ తేలలేదు. అమెరికాలో ఇషిజాకా దంపతులు, స్వీడన్‌లో యోహాన్సన్, బెన్నిక్ విడివిడిగా దాన్ని పట్టుకున్నారు. 1968లో ఐజీఈ అనే పేరు ఖరారైంది.

ముడి వీడే క్రమం

రెండోసారి వచ్చిన కారకం పక్కపక్కనున్న రెండు ఐజీఈలను కలిపి పట్టుకోవాలి. ఒక్కదాన్నే పట్టుకుంటే ముడి వీడదు. మార్కులు పోయేది ఇక్కడే. అలా కలిసిన గ్రాహకాల కింద లిన్, సిక్ అనే ఎంజైమ్‌లు వరసగా మేల్కొంటాయి. ఫాస్ఫోలైపేజ్-సి పనిచేసి ఐపీ3 పుడుతుంది. అది అంతర్జీవ ద్రవ్యజాలంలోని కాల్షియాన్ని వదిలిస్తుంది, ఆపై బయటి కాల్షియమూ లోపలికి వస్తుంది. స్నేర్ ప్రొటీన్ల సాయంతో కణికల పొర ప్లాస్మాత్వచంతో కలిసిపోయి, సరుకు బయటపడుతుంది. బయటి తటస్థ ద్రవం తగలగానే హెపారిన్ పట్టు సడలి, హిస్టమిన్ జారిపోతుంది.

కణం పగిలిపోతుందని రాయకండి. అది బతికే ఉంటుంది, మళ్లీ కణికలను నింపుకుంటుంది.

చర్మంపై చూస్తే

చేతిమీద కారకం చుక్క వేసి సూదితో పైపైన గుచ్చుతారు. కాసేపటికి అక్కడ దురద మొదలవుతుంది. 15-20 నిమిషాలకు దోమ కుట్టినట్టు పాలిపోయిన బొడిపె, చుట్టూ ఎర్రటి వలయం కనిపిస్తాయి. రక్తకేశనాళికల నుంచి ద్రవం కారడం వల్ల బొడిపె, నాళాలు వెడల్పవడం వల్ల ఎరుపు వస్తాయి. ఇదే పని శ్వాసనాళంలో జరిగితే కండరం బిగిసి ఊపిరాడదు.

హిస్టమిన్ వెనకే, అప్పటికప్పుడు తయారయ్యే ప్రోస్టాగ్లాండిన్ డీ2, ల్యూకోట్రయీన్ సీ4 వస్తాయి. కొన్ని గంటల తర్వాత ఇసినోఫిల్‌లు చేరి రెండో విడత వాపు తెస్తాయి.

మందు ఎక్కడ పనిచేస్తుంది?

యాంటీహిస్టమిన్ మాత్ర మూట విప్పడాన్ని ఆపదు, బయటికొచ్చిన హిస్టమిన్‌ను హెచ్1 గ్రాహకం దగ్గర అడ్డుకుంటుందంతే. అందుకే ప్రాణాంతకమైన అనాఫిలాక్సిస్‌లో తొలి మందు తొడ కండరంలోకి ఇచ్చే అడ్రినలిన్. క్రోమోగ్లైకేట్ మూట ముడిని బిగిస్తే, ఒమాలిజుమాబ్ అసలు ఐజీఈనే ఏరేస్తుంది.

తికమక పెట్టే ప్రశ్నలు

వయ్యారిభామ పుప్పొడితో వచ్చే తుమ్ములు మొదటి రకం అతిసున్నితత్వం. అదే మొక్క తగిలి రోజుల తరబడి వేధించే చర్మవ్యాధి ప్రధానంగా నాలుగో రకం, అది టీ కణాల పని. వాంకోమైసిన్ వేగంగా ఎక్కిస్తే ఒళ్లు ఎర్రబడేది ఐజీఈ లేకుండానే. ఆ మందు మాస్ట్ కణాన్ని నేరుగా కదిలిస్తుంది.

ఎన్‌సీఈఆర్‌టీ పన్నెండో తరగతి పుస్తకం హిస్టమిన్ పక్కన సెరటోనిన్‌నూ చేరుస్తుంది. మనిషి మాస్ట్ కణాల్లో అది స్వల్పమే. అయినా నీట్‌లో పుస్తకం చెప్పినట్టే గుర్తు పెట్టండి.