ఈకలేరే పిల్లల్ని కసరకండి

నెమలీకను పుస్తకంలో దాచి, పిల్లలు పెట్టిందేమోనని రోజూ తెరిచి చూసుకోని తెలుగు పిల్లలు అరుదు. నాతవరం చుట్టుపక్కల, కొండవార తోటలకూ తాండవ జలాశయం ఒడ్డుకూ దగ్గర్లో పెరిగే పిల్లల జేబుల్లో నెమలీకతో పాటు కోడి ఈక, కొంగ ఈక, పేరు తెలియని పిట్ట ఈక కూడా దొరుకుతాయి. దానికి గాలం సరదా తోడైతే ఇంట్లో గొడవే. "చదువు గాలికొదిలేసి ఈకలేరుకుంటున్నావా" అని కసురుతాం. అమ్మానాన్నలకు నా మనవి ఒక్కటే: కసరడం మాని, ఆ ఈకతో చేపకు ఎర కట్టడం నేర్పండి. ఏ ఈక తీసుకోవచ్చో, దేన్ని ముట్టకూడదో కూడా ఆ పనితోనే నేర్పండి.

ఇది పనిలేని పని కాదు. దాదాపు 1,800 ఏళ్ల కిందటే ఈలియన్ అనే రోమన్ రచయిత, మాసిడోనియాలో జాలరులు గాలానికి ఎర్ర ఉన్ని చుట్టి, కోడిపుంజు మెడకింద మొలిచే రెండు ఈకలు కట్టి చేపలు పట్టేవారని రాశాడు. ఇంగ్లండులో 1496లో అచ్చయిన గాలం వేట పుస్తకం ఇలాంటి పన్నెండు ఎరల తయారీని వివరించింది. నేటికీ ఈ పనికి ఎక్కువగా వాడేది కోడిపుంజు ఈకే. అది మన పెరట్లోనే రాలుతోంది.

పుంజు మెడ మీది ఈకలు సన్నగా, పొడవుగా, కొన తేలి, నిగనిగలాడుతుంటాయి. డేగ పుంజుదైతే ఎర్రగా, కాకి పుంజుదైతే నల్లగా ఉంటుంది. నీళ్లలో పడగానే ఆ పోగులు చిన్న కదలికకే విచ్చుకుంటాయి, ముడుచుకుంటాయి. చేపకు అది ప్రాణమున్న పురుగులాగో చిన్న చేపలాగో కనిపిస్తుంది.

కట్టే పద్ధతి కష్టమేం కాదు. కటింగ్ ప్లేయర్ నోట్లో గాలం కొక్కేన్ని వంపు దగ్గర పట్టించి, పిడులకు రబ్బరు బ్యాండు బిగించండి. రెండు చేతులూ ఖాళీ అవుతాయి. కుట్టుమిషను దారంతో కొక్కెం కాడను కంటి (దారం కట్టే రంధ్రం) దగ్గర్నుంచి వంపు దాకా చుట్టుకు రండి. రెండు ఈకల్ని తోకలా వెనక్కి వేలాడేలా కట్టండి. నెమలీక పోగులు నాలుగైదు కలిపి కాడ మీద చుడితే పచ్చగా మెరిసే ఒళ్లు వస్తుంది. ఇంకో మెడ ఈక తీసుకుని మొదట్లోని మెత్తటి నూగు దూసేసి, కంటి వెనక కట్టి, నాలుగైదు చుట్లు తిప్పండి. పోగులు చుట్టూ నిక్కబొడుచుకుంటాయి. ముడి వేసి, దాని మీద గోళ్ల రంగు ఒక చుక్క వేస్తే ఊడదు. తొలి ఎర వంకరగానే వస్తుంది. దాన్ని విప్పి మీరు సరిచేయకండి. ఏ చుట్టు జారిందో పిల్లవాడే వెతుక్కోవాలి.

ఏ చేప పడుతుందన్నది కూడా ముందే చెప్పండి. బొచ్చె, శీలావతి దీని జోలికి రావు. వాటి తిండి నీటిలోని నలుసులు, నాచు. ఈక ఎరకు ఎగబడేవి కొరమీను, వాలుగ లాంటి వేటచేపలు. కొరమీను గాలి పీల్చుకోవడానికి పైకి వస్తుంది, ఒడ్డున కలుపులో మాటు వేస్తుంది. వెదురు గెడతో ఒడ్డువార ఆడించినా చాలు. అయితే వానాకాలంలో ఎర్రటి కొరమీను పిల్లల గుంపు నీటి మీద కనిపిస్తే అక్కడ గాలం వేయనివ్వకండి. వాటి కింద తల్లీతండ్రీ కాపలా ఉంటాయి. వాటిని పట్టేస్తే గుంపంతా వేరే చేపల పాలవుతుంది. ఈ మాట తల్లిదండ్రులే చెబితే పిల్లల మనసుకు ఇట్టే పడుతుంది.

జాగ్రత్తలకు మొహమాటం వద్దు. కొక్కేనికి ఉండే ఎదురు ముల్లును ప్లేయర్‌తో నొక్కి చదును చేయండి. వేలికి దిగినా సులువుగా వస్తుంది, చిన్న చేపను వదిలేయడానికీ వీలుంటుంది. గుచ్చుకుంటే ధనుర్వాతం సూది గురించి డాక్టరును అడగండి. పెద్దవాళ్లు తోడు లేకుండా నీళ్ల దగ్గరికి పంపకండి. జలాశయం లోతు, కాలువ ఉరవడి ఈత వచ్చిన పిల్లల్ని కూడా లాగేస్తాయి. చేపపిల్లలు వదిలి పెంచే చెరువుల్లో చేపలు మత్స్యకారుల జీవనాధారం. అక్కడ అడిగి, వాళ్లు ఒప్పుకుంటేనే గాలం వేయాలి.

ఇక ఈక సంగతి. నెమలి 1963 నుంచి మన జాతీయ పక్షి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దానికి గట్టి రక్షణ ఇచ్చింది. మగ నెమలి ఏటా వానల చివర్లో తోక ఈకలు తనంతట తానే రాల్చుకుంటుంది. అలా రాలినవి దగ్గర ఉంచుకోవచ్చు. పీకిన ఈక మొదట్లో నెత్తురు ఆనవాళ్లుంటాయి, రాలినదాని మొదలు శుభ్రంగా ఉంటుంది. ఆ తేడా పిల్లలకు చూపించండి. మిగతా అడవి పక్షుల ఈకలు కూడా ఆ చట్టం కిందికే వస్తాయి కాబట్టి చూసి, పక్షి పేరు చెప్పుకుని, అక్కడే వదిలేయడం మంచిది. ఎరకు మన కోడి, బాతు, టర్కీ ఈకలే బోలెడు. చచ్చిపడిన పక్షిని ముట్టనివ్వకండి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల కోళ్లఫారాల్లో బర్డ్ ఫ్లూ బయటపడిన సంగతి మరువకూడదు. కోళ్లకు జబ్బు లేనప్పుడు ఏరినవాటిని కూడా సబ్బునీళ్లతో కడిగి, నీడన ఆరబెట్టి, చేతులు కడుక్కోవాలి.

అమెరికాలో ఉంటున్న మన పిల్లలకైతే ఇంకో మాట. అక్కడ 1918 నాటి వలస పక్షుల చట్టం ప్రకారం చాలా పక్షుల ఈకల్ని దారిలో దొరికినా సరే దగ్గర ఉంచుకోకూడదు. పార్కులో ఏరిన ఈకను ఇంటికి తేనివ్వకండి.

కోరికకు హద్దు చిన్నప్పుడే పడాలి. 2009 జూన్‌లో ఇంగ్లండులోని ట్రింగ్ మ్యూజియంలో 299 పక్షి చర్మాలు చోరీ అయ్యాయి. కొన్ని ప్రకృతి శాస్త్రవేత్త ఆల్‌ఫ్రెడ్ రస్సెల్ వాలెస్ స్వయంగా సేకరించినవి. దొంగ ఇరవై ఏళ్ల సంగీత విద్యార్థి. చిన్నప్పటి నుంచి ఈకలతో అందమైన ఎరలు కట్టడంలో నేర్పరి. దొరకని ఈకల మీది ఆశ అతన్ని అంతదాకా తీసుకెళ్లింది. చాలా చర్మాలకున్న చీటీలు తెగిపోయాయి. ఏ పక్షి ఎప్పుడు ఎక్కడ దొరికిందో చెప్పే ఆ వివరాలు పోతే సైన్సుకు వాటి విలువ చాలావరకు పోయినట్టే. చేతిలో పనితనం ఎంతున్నా ఇది నాది కాదు అనుకోవడం రాకపోతే ఇలాగే అవుతుంది.

అందుకే ఈ ఆదివారం ఒక గంట కేటాయించండి. ఫోను పక్కన పెట్టి, పెరట్లో రాలిన పుంజు ఈకలు పిల్లలతో కలిసి ఏరండి. కోడి ఈక రాలినదైతే తీసుకోవచ్చు, పీకకూడదు అన్న ఒక్క నియమం పెట్టండి. మీరు పక్కన కూర్చుని పాటించి చూపిస్తే, పిల్లలు దాన్ని పెద్దయ్యాక కూడా పాటిస్తారు.